దేవుడి వంతు

కోల్డ్ స్టోరేజీ తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోనేలేదు, హనుమాన్‌ప్రసాద్ తీర్పు చెప్పేశాడు.

“చలిలో వణకడం ఎందుకు మేడమ్? చెరువేదో తెలిసింది, రైతెవరో తెలిసింది. సాయంత్రం నాలుగింటికి విదేశం వాళ్ళు లైన్లోకి వస్తారు. జకరయ్య పేరు చెప్పేస్తాను, వాళ్ళు సరేనంటారు, రాత్రి రైలెక్కి నేను హైదరాబాదు వెళ్ళిపోతాను.”

స్వర్ణలత ప్లాంటు వాళ్ళిచ్చిన కోటు గుండీలు పెట్టుకుంది. ఎస్సైగా చేసి, ఉద్యోగం వదిలేసి, తెనాలిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. హనుమాన్‌ప్రసాదేమో సరుకు కొన్న విదేశీ కంపెనీ తరఫున విచారణకి వచ్చినవాడు. ఇద్దరూ ఇంతకు ముందు మూడు కేసుల్లో ఎదురుపడ్డారు. రెండింట్లో ఆమెది పైచెయ్యి అయింది. ఆయన మాత్రం తను గెలిచిన ఆ ఒక్కదాన్నే గుర్తు పెట్టుకుని తిరుగుతుంటాడు.

సంగతి పైకి చూస్తే చిన్నదే. బాపట్ల శివార్లలోని ఈ రొయ్యల ప్లాంటు నుంచి వెళ్ళిన కంటైనరు ఒకటి యూరప్ రేవులో ఆగిపోయింది. నిషేధించిన యాంటీబయోటిక్ మందు ఆనవాళ్ళు అందులోని రొయ్యల్లో దొరికాయి. ఆ లాట్ మొత్తం ఒకే చెరువుది, రేపల్లె దగ్గర నగరం మండలంలో జకరయ్య అనే రైతుది. కాబట్టి దొంగ జకరయ్యే. చిన్నపిల్లల లెక్కలా ఉంది, అందుకే హనుమాన్‌ప్రసాద్‌కి అంత నచ్చింది.

స్వర్ణలతకి మాత్రం ఇలాంటి లెక్క చూస్తే ఒళ్ళు మండుతుంది. రొయ్యపిల్లల విత్తనం ఒక ఊరి నుంచి, మేత ఇంకో ఊరి నుంచి, ఐసు రేపల్లె నుంచి, ప్యాకింగ్ బాపట్లలో, ఓడ ఎవరిదో, చివరికి అమ్మే దుకాణం ఏ దేశంలోదో. ఇంత పొడుగు గొలుసులో ఎక్కడ తేడా వచ్చినా తప్పు అందరికంటే కిందున్నవాడి మెడకే చుట్టుకుంటుంది. జకరయ్య పేరు ఆ రిపోర్టులో పడిందంటే ఇక ఏ ఎగుమతి కంపెనీ మనిషీ ఆయన చెరువు గట్టు తొక్కడు. పోనీ మళ్ళీ వరి వేసుకుందామంటే, ఇన్నేళ్ళు ఉప్పునీళ్ళు తాగిన నేల అది.

ఆమెని పిలిపించింది ఈ ప్లాంటు క్వాలిటీ మేనేజరు బెన్నీ. అతను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి.

“జకరయ్య గారు నాకు సండేస్కూలు చెప్పారండి,” అన్నాడు మొదటిరోజే. “మాదీ ఆ ఊరే. ఆయన మందు వేశాడంటే నేను నమ్మను. ఎక్కడో నాకు కనపడని కంత ఉంది. అది పట్టుకోండి.”

బెన్నీ కంతలు వదిలే మనిషి కాదు. అతని గదిలో గోడ నిండా ఒక చార్టు ఉంది. విత్తనమిచ్చే హేచరీ ఒకటి మూతపడితే రెండోది, ఒక ఐసు ఫ్యాక్టరీ ఆగితే రెండోది, కరెంటు పోతే జనరేటరు, ప్రతి చెరువుకీ రొయ్యలు పట్టే రోజుకి, అంటే పట్టుబడికి ముందు మందుల పరీక్ష. ప్రమాదం ఎటునుంచి రావచ్చో అన్నివైపులా గీతలు గీసి పెట్టుకున్నాడు. బంధువుల సరుకు కొనకూడదన్న రూలు కూడా అతనే పెట్టాడు. అదే ఊళ్ళో వాళ్ళమ్మ అన్నమ్మకి చెరువుంటే, ఆ రొయ్యలు కూడా ఈ గేటు లోపలికి రానివ్వలేదు. మనిషి నిక్కచ్చి, అని స్వర్ణలత అప్పుడే అనుకుంది.

ప్లాంటులో ప్రతి లాట్ నుంచీ సైజుకో పెట్టె తీసి దాచిపెట్టే పద్ధతి ఉంది. జకరయ్య లాట్‌వి రెండు పెట్టెలు దించారు. ఒకటి పెద్ద రొయ్యలు, కిలోకి నలభై తూగేవి. రెండోది చిన్నవి, కిలోకి ఎనభై.

“యూరప్‌లో మందు దొరికింది ఏ పెట్టెల్లో?” అంది స్వర్ణలత.

“జకరయ్య పెట్టెల్లో,” అన్నాడు హనుమాన్‌ప్రసాద్.

“సైజు అడుగుతున్నానండి.”

ఆయన సెల్‌ఫోనులో వెతుక్కుంటుంటే బెన్నీయే అందుకున్నాడు. “చిన్నవాటిలోనే మేడమ్. పెద్దవి పరీక్షలో బాగానే వచ్చాయి.”

“అయితే ఏంటి?” అన్నాడు హనుమాన్‌ప్రసాద్. “ఒక చెరువులో పెద్దవీ ఉంటాయి, చిన్నవీ ఉంటాయి. పొలంలో కంకులన్నీ ఒక్కలాగే ఉంటాయా?”

“ఒక్కలాగే ఉండవు. కానీ సగం పొలం ఎదిగి, సగం పొలం మొలకగానే ఉండిపోదు కదా.”

రెండు పెట్టెల్లోంచీ కొన్ని కొన్ని తీయించి, గది బయట రెండు బేసిన్లలో నీళ్ళు పోసి నానబెట్టించింది. ఐసు కరిగాక చేతులు పెట్టింది. పెద్దవి గట్టిగా, పెంకు ఒంటికి అంటుకుని ఉన్నాయి. చిన్నవి నొక్కితే పెంకు వదులుగా కదిలింది, లోపల కండ నిండలేదు. చిన్నప్పటి నుంచీ వంటింట్లో రొయ్యలు ఒలిచిన చెయ్యికి ఆ తేడా చెప్పడానికి ల్యాబు అక్కర్లేదు.

“ఇవి జబ్బు చేసిన చెరువులోవి,” అంది. “చచ్చిపోతాయన్న భయంతో ఎదగకుండానే పట్టేశారు. అవి ఒక చెరువువి, ఇవి ఇంకో చెరువువి. ఒకే పేరుతో పెట్టెల్లోకి ఎలా వచ్చాయన్నదే ప్రశ్న.”

“ఎలా వస్తాయి? జకరయ్యే ఎవరి దగ్గరో చవగ్గా కొని కలిపేసి ఉంటాడు. ఇంకా మంచిది, మోసం కూడా అయింది. మీరు నా కేసుని బలపరుస్తున్నారు మేడమ్, థాంక్స్.”

ఆ మాట నిజమే కావచ్చన్న అనుమానం స్వర్ణలతకి లేకపోలేదు. అదే ఆమెకి ఎక్కువ చిరాకు తెప్పించింది.

కారులో జకరయ్య ఊరికి పోతూ రేపల్లె ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. అక్కడి ఆవిడ బాగానే గుర్తు పెట్టుకుంది. జకరయ్య పట్టుబడి సోమవారం తెల్లవారుజామున. దానికి ఐసు లారీ ఆదివారం రాత్రి బయల్దేరింది. కానీ అంతకు ముందే, ఆదివారం మధ్యాహ్నం, ఆయన ఆటోలో కొద్దిగా ఐసు పట్టుకెళ్ళాడు.

“ఆదివారం పూట ఆయన పని పెట్టుకోడండి, అందుకే గుర్తుంది,” అంది ఆవిడ.

జకరయ్య చెరువు గట్టు మీద రేకుల షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా. పక్కనే ఆయన భార్య కాంతమ్మ మేత సంచులు దులిపి మడత పెడుతోంది. స్వర్ణలత తనెవరో, ఎవరి తాలూకో చెప్పుకుంది. ఆమె పుట్టింటివాళ్ళు అమృతలూరు దగ్గరివాళ్ళని, తమలాగే లూథరన్ చర్చివాళ్ళని తేలేసరికి కాంతమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చింది. జకరయ్య మొహంలో బిగువు మాత్రం సడలలేదు.

“బాబాయ్ గారూ, మీ చెరువులో మందు వేశారా?”

“వేశానేమోలే అమ్మా. అలాగే రాసుకోండి.”

“ఏం మందు?”

“ఏదో మందు. షాపువాడిచ్చింది.”

“ఏ షాపు?”

జకరయ్య చెరువు వైపు చూశాడు. అక్కడ ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. పాతికేళ్ళలో స్వర్ణలత ఎంతోమంది దొంగల్ని ప్రశ్నించింది. చెయ్యని తప్పు ఇంత తొందరగా ఒప్పుకునేవాడు తన కోసం ఒప్పుకోడు, ఎవరినో వెనక దాచుకుని ఒప్పుకుంటాడు.

“మీ పెట్టెల్లో రెండు చెరువుల రొయ్యలున్నాయి బాబాయ్ గారూ. మీవి బాగున్నాయి. రెండోవి చిన్నవి, మెత్త పెంకువి, జబ్బు చెరువువి. అవి ఎవరివి?”

మెత్త పెంకు అనగానే ముసలాయన తల తిప్పి ఆమెని చూశాడు. ఆ చూపులో భయం లేదు. అప్పుడే ఏదో అర్థమైనవాడి చూపు అది. మరుక్షణం మళ్ళీ చెరువు వైపు తిరిగిపోయాడు.

“నావే,” అన్నాడు.

ఇక ఆయన దగ్గర ఏమీ రాదని తెలిసి స్వర్ణలత షెడ్డులోకి నడిచింది. వలలు, డీజిలు డబ్బా, తూకం కాటా, గోడవారగా ప్లాస్టిక్ ట్రేలు. ట్రేలన్నీ కంపెనీవి, ఒకే రంగు. వాటి వెనక మూడు నీలం తొట్లు వేరేగా బోర్లించి ఉన్నాయి. ఒకదాని పిడికి వెలిసిపోయిన గులాబీ రంగు కాగితం చుట్టి ఉంది. అంచుకి కత్తిరించిన కుచ్చులు. రొయ్యల తొట్టికి ఎవరూ సింగారం చెయ్యరు.

ఆ కాగితం ఆమెకి బాగా తెలుసు. చిన్నప్పుడు తనూ అలాగే కత్తిరించేది. కోత పండుగ ఆదివారం చర్చి గుమ్మానికి వరి కంకులు కట్టి, తెచ్చిన కానుకలన్నిటికీ ఆ కుచ్చులు చుట్టేవాళ్ళు. వడ్ల బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, అరటి గెల, ఎవరికి ఏది పండితే అది. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం. పాడుకున్నవాళ్ళ డబ్బు చర్చికి. మెట్ట ఊళ్ళకి పుచ్చకాయ ఎలాగో, ఈ ఊళ్ళకి ఇప్పుడు రొయ్య అలాగ.

“పిన్నీ,” అంది తొట్టి పట్టుకుని బయటికి వచ్చి. “మీ కోత పండుగ పట్టుబడికి ముందు రోజేనా?”

కాంతమ్మ చేతిలో సంచి మడత ఆగిపోయింది. జకరయ్య, “కాంతం,” అన్నాడు మెల్లగా. కానీ ఆవిడ భర్త మీద నిందపడిన రోజు నుంచీ లోపల కుమిలిపోతోంది. ఇంక ఆగలేదు.

“మీరుండండి. ఎన్నాళ్ళు మింగుతారు? అవునమ్మా, ఆ ఆదివారమే. ఊళ్ళో ప్రతి చెరువు వాళ్ళూ తెల్లారకముందే వచ్చి చర్చి వరండాలో తొట్లలో పోసి వెళ్ళారు. ఎవరు ఎన్ని పోశారో ఎవరూ చూడరు, అది మా పద్ధతి. ఈసారి చాలా పడ్డాయి. వేలంలో అన్ని రొయ్యలు ఎత్తుకునేవాళ్ళెవరు? ఈయనే పాడారు. ఐసు తెచ్చి రాత్రంతా కాపాడారు.”

“తర్వాత మీ పట్టుబడిలో కలిపారు.”

“మరేం చెయ్యమంటావు? అది దేవుడి వంతు. పారేస్తామా? బజార్లో ఈగల మధ్య అమ్ముకుంటామా? మంచి సరుకుతో పాటు మంచి చోటికి పోవాలన్నారు ఈయన. ఆ వచ్చిన డబ్బు కూడా చర్చికే ఇచ్చేశారు.”

స్వర్ణలత గట్టు మీద కూలబడింది. మోసమో, కక్షో దొరుకుతుందని వచ్చింది. దొరికింది భక్తి. అంత శుభ్రమైన ఉద్దేశంతో ఇంత తప్పు జరగడం ఆమె ఎక్కడా చూడలేదు.

“ఈ మాట మొదటే చెబితే సరిపోయేది కదా బాబాయ్ గారూ.”

“చెప్పకమ్మా,” అన్నాడు జకరయ్య. “కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. నా ఒక్కడి మీద పోనియ్యి.”

“చెయ్యని తప్పు మీ మీద ఎందుకు పోవాలి? సాయంత్రం నాతో రండి. మీ పేరు తీయించే పూచీ నాది.”

ఆయన ఎందుకు వద్దంటున్నాడో ఒక్క నిమిషం నిదానించి అడిగి ఉంటే బాగుండేది. తర్వాత చాలా రోజులు స్వర్ణలత ఆ నిమిషం గురించే బాధపడింది. కానీ అప్పుడు టైము తక్కువ, హనుమాన్‌ప్రసాద్ నవ్వు మొహం కళ్ళముందు కనిపిస్తోంది, చేతిలో రుజువుంది.

బాపట్ల చేరేసరికి నాలుగుకి ఇంకా పది నిమిషాలుంది. మీటింగు గదిలో గోడకి పెద్ద టీవీ, బల్ల చివర హనుమాన్‌ప్రసాద్, పక్కన బెన్నీ. జకరయ్య కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పులు గది బయట విడిచి, గోడవారగా నిలబడ్డాడు.

స్వర్ణలత నీలం తొట్టి బల్ల మీద పెట్టి మొత్తం చెప్పింది. రెండు సైజులు, ఐసు, వేలం, కలపడం. హనుమాన్‌ప్రసాద్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అది మంచి గుర్తు కాదని ఆమె పసిగట్టి ఉండాల్సింది.

“శభాష్ మేడమ్,” అన్నాడు చివరికి. “అంటే జకరయ్య చెరువు శుభ్రం. మందున్న రొయ్యలు ఆ ఊరి చెరువుల్లో ఏదో ఒకదానివి. ఏదో మీకు తెలీదు.”

“తెలీదు.”

“ఎవరు పోశారో ఎవరూ చూడరు. అదే కదా పద్ధతి?” ఆయన పెన్ను మూత తీశాడు. “అయితే ఒక చెరువుతో అయ్యే పని ఇప్పుడు ఊరంతటికీ పాకింది. ఏ చెరువో తేలనప్పుడు అన్ని చెరువుల్నీ ఆపెయ్యమంటారు వాళ్ళు. ముప్పై కుటుంబాలు. నేను ఒక్కణ్ణి చూపించాను. మీరు వచ్చి ముప్పై మందిని చూపించారు.”

స్వర్ణలతకి జకరయ్య వైపు చూడాలంటే మొహం చెల్లలేదు. చూసింది. ఆయన మొహంలో కోపం లేదు, అదే ఆమె భరించలేకపోయింది.

“అందుకేనమ్మా వద్దన్నది,” అన్నాడాయన. “నేను పెద్దవాణ్ణి. నాకు ఇంకెన్ని పంటలుంటాయి గనక?”

“మీకు తెలుసు,” అంది స్వర్ణలత. “నేను మెత్త పెంకు అన్నప్పుడు మీకు తెలిసిపోయింది, అవి ఎవరివో. ఒక్క పేరు చెప్పండి బాబాయ్ గారూ. మిగతా ఊరు బయటపడుతుంది.”

“కానుకకి పేరుండదమ్మా.”

“ముప్పై ఇళ్ళు.”

“పేరుండదు.”

హనుమాన్‌ప్రసాద్ గడియారం చూసుకున్నాడు. అప్పుడు బెన్నీ మాట్లాడాడు. పొద్దున్నుంచీ విన్న గొంతు కాదది.

“మెత్త పెంకువని పొద్దున బేసిన్లో చూసినప్పుడు కూడా నాకు తట్టలేదు...” ఆగాడు. “ఆ ఆదివారం కోత పండుగా? నేను ఈసారి వెళ్ళలేదండి. ఆడిట్ ఉందని ఇక్కడే ఉండిపోయాను.”

బెన్నీ తొట్టి పిడికి చుట్టిన రంగు కాగితాన్ని వేలితో సవరించాడు.

“మా అమ్మ చెరువు ఆ వారంలోనే పట్టించాను,” అన్నాడు. “జబ్బు చేసింది. వేసిన విత్తనం చచ్చిపోతుంటే అమ్మ గట్టు మీద కూర్చుని అన్నం మానేసింది. నాకు మందు తెలుసు. వెయ్యకూడదని ఇంకా బాగా తెలుసు. వేశాను. అమ్మకి విటమిన్ అని చెప్పాను.”

“బెన్నీ,” అన్నాడు జకరయ్య. “ఊరుకో నాయనా.”

“లేదండి. కంపెనీలకి ఎవరికీ అమ్మొద్దని అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. తెనాలి మార్కెట్లో అమ్మించేశాను. అక్కడ పరీక్షలుండవు కదా అని. ఎగుమతి దారిలోకి ఒక్క రొయ్య కూడా రాకుండా అన్ని వైపులా మూసేశాననుకున్నాను.” ఊపిరి తీసుకున్నాడు. “అమ్మ పంటలో పదోవంతు దేవుడికని తీసి పక్కన పెట్టకుండా ఏ ఏడూ ఉండదు. చెడిపోయిన పంటకైనా పెడుతుంది. ఆ సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అది నా చార్టులో లేదు.”

స్వర్ణలత తెనాలి మనిషి. ఆ వారం తన వీధిలో ఎన్ని ఇళ్ళల్లో రొయ్యల కూర వండుకున్నారో ఆమెకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ రొయ్యలకి లాట్ నంబరు లేదు, ఆపడానికి రేవు లేదు. కోపం వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న మొహం చూస్తే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కంత పట్టుకోమని తనని పిలిచింది ఇతనే. డబ్బు తన జేబులోంచి ఇచ్చి మరీ పిలిచాడు.

హనుమాన్‌ప్రసాద్ పెన్ను కింద పెట్టాడు. ఆయన కూడా మనిషే, ఆ క్షణానికి గెలుపు మాట ఎత్తలేదు. “ఒక్క చెరువు తేలితే ఒక్క చెరువే ఆపుతారు,” అన్నాడు మెల్లగా. “కలిపినందుకు జకరయ్య గారికి ఒక పంట నిలిపేస్తారు, అంతకన్నా ఏం ఉండదు. కానీ నువ్వే చెప్పాలి. మళ్ళీ ఇక్కడ ఉద్యోగం ఉండదు, తెలుసుగా.”

“తెలుసండి.”

“అమ్మ తట్టుకోలేదురా,” అన్నాడు జకరయ్య. “తన కానుక వల్ల ఇంత జరిగిందని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ చర్చి మెట్లెక్కదు. నా పేరే ఉండనియ్యరా.”

బెన్నీ ఆయన కాళ్ళ వైపు చూశాడు, చెప్పుల్లేని కాళ్ళు. తల అడ్డంగా ఊపాడు.

టీవీ మోగింది. తెర మీద ఒక తెల్లావిడ, వెనక ఇద్దరు. పలకరింపులయ్యాయి. మూలం దొరికిందా అని అడిగారు. దొరికిందని బెన్నీ ఇంగ్లీషులో చెప్పాడు. మందు వేసింది తనేనని చెప్పాడు, ఎలా కలిసిందో కూడా వరసగా చెప్పాడు. అటువాళ్ళు రాసుకుంటూ పోయారు.

మీ పేరు రాసుకున్నాం, అందావిడ. కానీ మా లిస్టులో ఆపేది మనిషిని కాదు, చెరువుని. ఆ చెరువు ఎవరి పేరు మీద ఉంది?

స్వర్ణలత కళ్ళు దించుకుంది. జకరయ్య గోడవైపు తిరిగిపోయాడు. బెన్నీ రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. హనుమాన్‌ప్రసాద్ మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపాడు. బెన్నీ దాన్ని ముట్టుకోలేదు. మూడోసారికి వాళ్ళమ్మ పేరు చెప్పాడు.